ఎవరు వేశారీ పూలు

పక్కింటి ఓలిండా వంటింటి తలుపు తట్టేసరికి ఉమామహేశ్వరి గ్రైండర్‌లోంచి దోసెల పిండి తోడుతోంది. మోచేతుల దాకా పిండే. ఓలిండా ఏనాడూ ముందు తలుపు బెల్లు కొట్టదు. పెరటి గేటు తోసుకుని తిన్నగా వంటింటి దగ్గరికే వస్తుంది. ఎనభై ఎనిమిదేళ్ల మనిషి, కర్ర ఆనించుకుని గుమ్మంలో నిలబడి, అమ్మ వేసిన బొమ్మ ఒకసారి కావాలి అంది ఇంగ్లీషులో.

ఏ బొమ్మ అని అడగబోయి ఉమ నాలిక కరుచుకుంది.

ఓలిండా తన ధోరణిలో చెప్పుకుపోయింది. ఆదివారం వాళ్ల పోర్చుగీసు హాల్లో పండగ. ఊరేగింపు, అందరికీ భోజనాలు ఏటా ఉండేవే. ఈసారి కొత్తగా, శాంటా క్లారాలో పళ్లు డబ్బాల్లో నింపే క్యానరీల్లో ఒకప్పుడు పనిచేసిన ఆడవాళ్ల వస్తువులు ఒక గదిలో పెడుతున్నారట. ఓలిండా తల్లి మరియా అమేలియా కూడా ఆ ఆడవాళ్లలో ఒకతె. ఆవిడ బొమ్మలు వేసేదంటే కమిటీ వాళ్లు నమ్మడం లేదు. అమేలియానా, ఆప్రికాట్లు కోసేది కదా అన్నాడట కమిటీ పెద్ద. చూపిద్దామంటే మిగతా బొమ్మలన్నీ ఓలిండా తమ్ముడు ఎప్పుడో గరాజ్ సేల్‌లో అమ్మేశాడు. మిగిలింది ఆ ఒక్కటే. అమెరికా రాకముందు, ఫయాల్ అనే పోర్చుగీసు దీవిలో ఉండగా, 1919లో వేసింది. రెండు అరచేతులంత నూనె రంగుల బొమ్మ, నీలం గుత్తుల పూలు, వెనక పెన్సిల్‌తో ఆవిడ పేరు. ఆ పేరు కళ్లబడితే గోడ మీద కార్డు రాసి పెడతారు. లేదంటే ఆవిడ ఆప్రికాట్లు కోసిన మనిషిగానే మిగిలిపోతుంది.

"శనివారానికి ఇస్తే చాలు," అంది ఓలిండా. "నీ దగ్గరుంది కనక నాకు బెంగ లేదు."

ఉమ అలాగే అలాగే అని తలాడించింది. కర్ర చప్పుడు గేటు దాటగానే చేతులు కడుక్కోకుండానే మేడ మీదికి పరిగెత్తింది.

మేడ మీద హాల్‌వేలో క్లోజెట్, అందులో మూడో అర. తెలుగువాళ్ల ప్రతి ఇంట్లోనూ ఉండే అరే అది. మన ఇంటికి వచ్చిన గిఫ్టు మనకి అక్కర్లేకపోతే అక్కడికి చేరుతుంది. ఇంకొకరి ఇంటికి వెళ్లాల్సిన రోజున అక్కణ్నుంచి లేస్తుంది. విప్పి చూసే అవసరం కూడా ఉమకి లేదు. వేలి కణుపుతో ఒక్కసారి తడితే చాలు, ఇది స్టీలు, ఇది గాజు, ఇది ఫోటో ఫ్రేము అని చెప్పేస్తుంది. ఆ విద్యలో తనని మించినవాళ్లు బే ఏరియాలో లేరని ఆమెకి చిన్న గర్వం కూడా ఉంది.

అరలో ప్యాకెట్లు కుప్పగా ఉన్నాయి. నీలం పూల బొమ్మ మాత్రం లేదు. అది ప్యాకింగ్ లేకుండా, పాత తువ్వాలులో చుట్టి, ఎడమ పక్కన పెట్టిన సంగతి ఆమెకి బాగా గుర్తు. తువ్వాలు ఉంది.

భర్త ఫణికుమార్ ఆఫీసు నుంచి వచ్చి బూట్లైనా విప్పకముందే అడిగింది. అతను సోఫాలో కూలబడి తాపీగా, ఆ పాత బొమ్మా, రవికాంత్ వాళ్ల గృహప్రవేశానికి ఇచ్చేశాం కదా అన్నాడు. ఆ రోజు శాన్ రామన్ వెళ్లే హడావుడిలో షాపుకి వెళ్లే టైము లేదు, చేతికందింది చుట్టుకుపోయాం, నువ్వూ కార్లోనే ఉన్నావుగా అని కూడా గుర్తు చేశాడు.

ఉమకి ఒళ్లు మండిపోయింది. ఇంటి మనిషై ఉండి, ఏది సొంతం ఏది కాదు అనేది తెలియదా అంది. ముసలావిడ గోడ మీంచి తీసి చేతిలో పెట్టిన వస్తువు అంది. మాట మీద మాట పెరుగుతుంటే, డైనింగ్ టేబుల్ దగ్గర చిక్కుడుకాయలు ఈనె తీస్తున్న అత్తగారు ధనమ్మ తలెత్తింది. ఆవిడ మూడేళ్లుగా వస్తూ పోతూ ఉంటుంది, వచ్చినప్పుడల్లా ఆరు నెలలు ఉంటుంది.

"నేనే నాలుగు మూలలా పసుపు రాసి ఇచ్చాను," అంది. "ఇచ్చే వస్తువుల అరలో పెట్టింది మాత్రం నువ్వే కదే అమ్మాయ్."

నిజమే. అద్దె ఇల్లు, మేకు కొడితే డిపాజిట్‌లో కోస్తారని ఆ బొమ్మని ఆ అరలో పెట్టింది తనే. తర్వాత చూద్దాం అనుకుంది. ఆ తర్వాత అన్నది ఎప్పుడూ రాలేదు.

ఫణి ఈలోగా లాప్‌టాప్ తెరిచి, యాంటిక్, ఫ్లోరల్, ఆయిల్, పోర్చుగీస్ అని కొట్టి, బోలెడున్నాయి చూడు అని తిప్పి చూపించాడు. సైజు కూడా సరిపోతుందట, నీలం పూలేనట, ఎక్స్‌ప్రెస్ షిప్పింగ్ పెడితే శుక్రవారానికి వచ్చేస్తుందట, ఆవిడకి ఎలాగూ చూపు ఆనదట.

"వెనక వాళ్లమ్మ పేరు మీరే రాస్తారా?"

"పెన్సిలే కదా," అన్నాడు ఫణి.

ఈ మనిషితో పదకొండేళ్లు ఎలా కాపురం చేశానా అని ఉమకి ఆ క్షణాన నిజంగా ఆశ్చర్యం వేసింది. లాప్‌టాప్ మూసేసి కారు తాళాలు వెతుక్కుంది.

శాన్ రామన్‌లో రవికాంత్, స్రవంతిల ఇల్లు కొత్తది, పెద్దది. గోడలన్నీ ఇంకా బోసిగానే ఉన్నాయి. ఒక్క బొమ్మకి చోటు లేదనడానికి వీల్లేదు. అయినా ఇచ్చిన గిఫ్టు వెనక్కి ఇవ్వమని ఏ మొహం పెట్టుకుని అడుగుతాం? ఉమ దారి పొడుగునా, 680 ఫ్రీవే మీద ట్రాఫిక్‌లో ఒక్కో అంగుళం జరుగుతూ, ఒక కథ అల్లుకుంది. మా అబ్బాయి నిశాంత్‌కి సమ్మర్ క్యాంపులో ప్రాజెక్ట్, పాత బొమ్మల ఫోటోలు కావాలి, ఒక్క ఫోటో తీసుకుని వెళ్లిపోతాను.

స్రవంతి టీ పెట్టి ఇచ్చింది. ఆ బొమ్మంటే తనకి ఎంతో ఇష్టమంది. గరాజ్‌లో అట్టపెట్టెల్లో ఉందంది, ఇంకా అన్నీ విప్పలేదంది, మాస్టర్ బెడ్‌రూమ్‌లో పెట్టాలని అనుకుంటున్నామంది. తీసి పెట్టనా అని లేచినట్టే లేచి కూర్చుంది. సాయం చేస్తాను పద అని ఉమ కప్పు పక్కన పెట్టింది. వద్దులే ఉమక్కా, దుమ్ము, నేను ఫోటో తీసి పంపిస్తాగా అంది. ఇద్దరూ అబద్ధాలే ఆడుతున్నారు, ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ నవ్వుతున్నారు. సరిగ్గా అప్పుడు రవికాంత్ షటిల్ బ్యాటు చంకన పెట్టుకుని లోపలికి వచ్చాడు. విషయం విని, అదా, రాధారాణి గారి వ్రతానికి పట్టుకెళ్లాం కదా స్రవంతీ అని చెప్పి, చెమట తుడుచుకుంటూ మేడెక్కేశాడు.

స్రవంతి నవ్వు ఆగిపోయింది. టేబుల్ మీద లేని మరకని వేలితో రుద్దింది.

"ఫ్రేము పెచ్చులూడిపోయి ఉంది, ఉమక్కా," అంది చివరికి. "మేం ఎన్నో ఏళ్లు ఎదురుచూసి కొనుక్కున్న ఇల్లు. మీ ఇంట్లో పనికిరాని పాత సామాను మా మొహాన పడేశారనుకున్నాను. ఆవేళ ఏడ్చాను కూడా."

ఉమ ఏం చెబుతుంది? పారేసే వస్తువు కాదు, ఎంతో విలువైనది అంటే, మరి మాకెందుకు ఇచ్చావు అంటుంది. పొరపాటున వచ్చింది అంటే, చూడకుండా తెచ్చావన్నమాట అంటుంది. రెండూ నిజమే. చల్లారిపోయిన టీ గుటుక్కున మింగి, తప్పయిపోయింది స్రవంతీ అని ఒక్క ముక్క అనేసి బయటపడింది.

ఫ్రీమాంట్‌లో రాధారాణి ఇంటికి వెళ్లడానికి శుక్రవారం గానీ కుదరలేదు. ఆపాటికి ఉమ కథలు అల్లే ఓపిక కూడా పోగొట్టుకుంది. రాధారాణి డ్రైయర్‌లోంచి తీసిన బట్టలు మంచం మీద పోసుకుని మడతలు పెడుతోంది. ఉమ జరిగిందంతా ఉన్నదున్నట్టు చెప్పేసింది. రాధారాణి స్రవంతిలా వేషాలు వెయ్యలేదు. తిన్నగా తన క్లోజెట్ తలుపు తెరిచి చూసుకోమంది. అచ్చం అలాంటి అరే, అలాంటి కుప్పే. ఉమ ఒక్కో ప్యాకెట్ తీసి కణుపుతో తట్టింది. స్టీలు, స్టీలు, గాజు, మెత్తటిది ఏదో చీర, స్టీలు. ఫ్రేము అన్నది ఒక్కటీ లేదు.

"స్రవంతి ఇచ్చింది నేను విప్పలేదు ఉమా," అంది రాధారాణి. "దాని పైనే ఇంకో కాగితం చుట్టి ఎవరికో ఇచ్చేశాను. ఎవరికని గుర్తు పెట్టుకుంటాం చెప్పు."

ఎవరెవరి ఇళ్లకి వెళ్లారో తలుచుకో, బర్త్‌డేలు, సీమంతాలు, ఏవైనా సరే అని ఉమ ప్రాధేయపడింది. రాధారాణి తలెత్తలేదు. మడత పెట్టిన తువ్వాలునే విప్పి మళ్లీ మడత పెట్టింది. చాలా ఫంక్షన్లయ్యాయి, ఎవరికని చెప్పను అంది.

అప్పుడే ఆమె కూతురు దేదీప్య వచ్చి తలుపుకి వేలాడింది. ఎనిమిదేళ్ల పిల్ల, ముందు పళ్లు కొత్తగా వచ్చాయి.

"ఉమా ఆంటీ, నా పెయింటింగ్ ఎక్కడ పెట్టావు?"

"పెట్టారు అనాలి," అంది రాధారాణి.

"ఎక్కడ పెట్టారు? నిశాంత్ బర్త్‌డేకి ఇచ్చాను కదా. డైనోసార్ పేపర్. నాది, అమ్మది రెండు కూడా డైనోసార్ పేపర్."

నువ్వెళ్లి ఆడుకో పో అని రాధారాణి గబుక్కున కసిరింది. పిల్ల కదల్లేదు. ఉమకి తల బద్దలవుతోంది. నిశాంత్ పుట్టినరోజు ఫిబ్రవరిలో. ఆ రోజు వచ్చినవాటిలో బొమ్మ కార్లు, గేములు వాడు చింపుకున్నాడు. పలకలా గట్టిగా తగిలినవన్నీ తను తట్టి చూసి పక్కన పెట్టేసింది. ఇప్పుడు ఈ పిల్లకి ఏదో ఒకటి చెప్పి పంపాలి.

"మా హాల్లోనే పెట్టామమ్మా, సోఫా పైన," అంది. "అందరూ ఎంత బాగుందంటున్నారో."

"సోఫా పైనా? రియల్లీ?"

పిల్ల మొహం విచ్చుకుంది. గెంతుకుంటూ వెళ్లిపోయింది. అంత నున్నగా అబద్ధం ఎలా వచ్చిందో ఉమకి కూడా తెలియలేదు. దాని గురించి ఆలోచించే తీరికా లేదు. నీలం పూల జాడ ఫ్రీమాంట్‌లో తెగిపోయింది, రేపు శనివారం.

శనివారం పొద్దున్న ఉమ తలంటుకుని, ఓలిండాకి నిజం చెప్పేద్దామని బయల్దేరింది. ఫణి లాప్‌టాప్‌లోంచి తలెత్తకుండా ఆల్ ది బెస్ట్ అన్నాడు. గుమ్మం దాటబోతుంటే ధనమ్మ వెనక్కి పిలిచింది. పెద్దావిడ ఇంటికి, అందులోనూ తప్పు ఒప్పుకోవడానికి, చేతులూపుకుంటూ వెళ్తావా అని కోప్పడి, మేడ మీంచి ఏదో ప్యాకెట్ తెచ్చి, వాయనాల ఎర్ర సంచిలో పెట్టి చేతికిచ్చింది. వాదించే ఓపిక ఉమకి లేదు. సంచి పైనుంచే అలవాటుగా ఒకసారి తట్టింది. ఫోటో ఫ్రేము. ఏదైతేనేం అనుకుని పెరటి గేటు తోసుకుని వెళ్లింది.

ఓలిండా వంటింట్లో పండగకి తీపి రొట్టెల పిండి కలుపుతోంది. వేళ్లు కీళ్ల దగ్గర వంకర తిరిగిపోయాయి. గుప్పిళ్లు బిగించి, ఒళ్లంతా వంచి ఆ ముద్దని అదుముతోంది. ఉమ నిలబడే చెప్పింది. అర సంగతి, గృహప్రవేశం, స్రవంతి, రాధారాణి, ఏదీ దాచలేదు. ఓలిండా చాలాసేపు పిండి అదుముతూనే ఉండి, తర్వాత ఆపేసింది.

"ఇన్నేళ్లుగా మా ఇంటికి ఎంతోమంది వచ్చారు," అంది. "నేను హాస్పిటల్‌లో ఉన్నప్పుడు నా మొక్కలకి నీళ్లు పోసి, తాళంచెవి ఇవ్వడానికి వచ్చిన రోజు, ఆ పూలు ఎవరు వేశారని అడిగినదానివి నువ్వొక్కదానివే. అందుకే నీకిచ్చాను. నువ్వు అడిగావు, ఊమా. నేను చెప్పింది వినలేదు."

ఆవిడ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదని ఉమకి అనిపించింది. ఆ రోజు అలా అడగడానికి కారణం ఏమీ లేదు. తాళంచెవి ఇచ్చాక ఏం మాట్లాడాలో తోచక, ఎదురుగా కనబడినదాని గురించి అడిగింది, అంతే. ఆ మాట కూడా చెప్పేద్దామా అనుకుంది గానీ నోరు రాలేదు. సిగ్గుతో చచ్చిపోయింది.

ఓలిండా చేతులు తుడుచుకుని, ఆ సంచి ఏమిటని అడిగింది. మీకే అంది ఉమ. ఆవిడ సంచిలోంచి ప్యాకెట్ తీసింది. ఆకుపచ్చ కాగితం, దాని నిండా డైనోసార్లు. ఉమ చూస్తూ ఉండగానే కాగితం చిరిగింది. లోపల కొత్త చెక్క ఫ్రేములో వాటర్ కలర్స్‌తో వేసిన పూలు. పసుపువి, నారింజవి, ఒక్కోటీ పళ్లెమంత, కాడలు మాత్రం దారాల్లా సన్నం. కింద పూలకన్నా పెద్ద అక్షరాలతో ఇంగ్లీషులో దేదీప్య అని రాసి ఉంది.

ఓలిండా దాన్ని చేయి చాచి దూరంగా పట్టుకుని చూసింది. ఇటు తిప్పి, కిటికీ వెలుగులోకి తెచ్చి మళ్లీ చూసింది.

"ఎవరు వేశారు?"

ఉమకి చెంప మీద కొట్టినట్టయింది. ఎవరు వేశారో చెప్పింది. ఏ సోఫా పైన పెట్టానని నిన్ననే ఆ పిల్లకి చెప్పిందో కూడా చెప్పింది. చెబుతుండగానే ఆమె చూపు చిరిగిన కాగితం మీద పడింది. నాది, అమ్మది రెండు కూడా డైనోసార్ పేపర్. రాధారాణి తువ్వాలు విప్పి మళ్లీ ఎందుకు మడత పెట్టిందో, ఎవరికి ఇచ్చిందో గుర్తులేదని ఎందుకు అందో, పిల్లని ఎందుకు కసిరిందో అప్పుడు తెలిసింది. మీ గిఫ్టు మీకే తిప్పి ఇచ్చాను అని మొహం మీద ఎవరు చెబుతారు? ఒక్క నిమిషం అని ఉమ చెప్పులు కూడా వేసుకోకుండా గేటు దాటింది.

మేడెక్కి మూడో అర మొత్తం కింద పోసింది. తట్టలేదు, కాగితాలు చూసింది. గోడ వారగా, అన్నిటికన్నా అడుగున, డైనోసార్లు. గోళ్లతో చింపింది. దాని కింద స్రవంతి చుట్టిన వెండి రంగు కాగితం. దాన్నీ చింపింది. నీలం పూలు బయటపడ్డాయి. ఈ నాలుగు నెలలూ తన ఇంట్లోనే, తన అరలోనే, తను తట్టి ఫోటో ఫ్రేము అని పక్కన పెట్టిన చోటే ఉన్నాయి. ఉమ అక్కడే నేల మీద చతికిలపడి ఏడ్చింది. ధనమ్మ వచ్చి దొరికిందా అంది, చుట్టూ పడిన కాగితాలు ఏరడం మొదలుపెట్టింది.

బొమ్మ తెచ్చి చేతిలో పెడితే ఓలిండా ముందు పూల వంక చూడలేదు. చటుక్కున వెనక్కి తిప్పింది. మరియా అమేలియా, ఊరి పేరు, సంవత్సరం. పెన్సిల్ చెక్కుచెదరలేదు. చెక్కకి నాలుగు మూలలా పచ్చటి మరకలు. ఇవేమిటంది ఆవిడ. ఎవరికైనా ఏదైనా ఇచ్చేముందు పసుపు పెడతాం, పుచ్చుకున్నవాళ్లకి మంచి జరగాలని అని ఉమ చెప్పింది. ఓలిండా బొటనవేలు తడి చేసి రుద్ది చూసింది. పసుపు పోలేదు. కమిటీ వాళ్లకి ఏం చెప్పాలో ఏమో అని విసుక్కుంది.

ఉమ అప్పుడు ఆ పూలని చూసింది. చేతిలో పెట్టిన నాడు కూడా ఇంతసేపు చూడలేదు. గుత్తిలో ఒక్కో రేక ఒక్కో నీలం. కుడి పక్కన ఒక గుత్తి సగంలో ఆగిపోయింది, రంగు లేని బట్ట కనిపిస్తోంది. ఓడ ఎక్కే రోజు వచ్చేసిందట, పూర్తి చేయలేదట. ఇదంతా ఆ రోజే చెప్పాను అంది ఓలిండా.

"ఇది మళ్లీ నీకివ్వను," అంది ఆవిడ. "పండగయ్యాక నా మేనకోడలు తీసుకెళ్తుంది."

సరే అంది ఉమ. బాధ వేసింది, గట్టిగానే వేసింది, అయినా కాదనడానికి ఏముంది? ఓలిండా దేదీప్య బొమ్మని ఎర్ర సంచిలో పెట్టి తిరిగి చేతికిచ్చింది. ఇది నాకని వేసింది కాదు కదా, తీసుకెళ్లి చెప్పిన చోట పెట్టు అంది.

ఆదివారం హాల్లో జనం కిటకిటలాడారు. లోపలి గదిలో ఆప్రికాట్ కత్తులు, ఏప్రన్లు, పాత ఫోటోల మధ్య నీలం పూలు వేలాడుతున్నాయి. పక్కన తెల్ల కార్డు మీద, చిత్రకారిణి మరియా అమేలియా అని ఉంది. కమిటీ పెద్ద ముక్కు కార్డుకి ఆనేదాకా వంగి చదివి, అమేలియానా అన్నాడు మళ్లీ. ఓలిండా అవును అమేలియానే అంది, కర్ర నేలకి తాటించి. ఉమ దూరం నుంచే చూసి బయటికి వచ్చేసింది.

ఇంటికి రాగానే సుత్తి పట్టుకుంది. ఫణి డిపాజిట్ సంగతి ఎత్తాడు. ఉమ ఒక్క చూపు చూసింది, అతనే వెళ్లి స్టూలు తెచ్చాడు. మొదటి మేకు వంగిపోయింది. రెండోది గోడలోకి దిగింది, గోడ పిండి సోఫా వెనకంతా రాలింది. తుడిచేలోపే బెల్లు మోగింది. ఉమ పొద్దున్నే ఫోన్ చేసి టీకి రమ్మన్న రాధారాణి, కూతురు.

రాధారాణి గుమ్మంలోనే ఆగిపోయి ఏదో చెప్పబోయింది. దొరికిందిలే, లోపలికి రా అంది ఉమ.

దేదీప్య ఆపాటికే సోఫా ముందు ఉంది. చేతులు వెనక్కి కట్టుకుని తన పూలని తనే చూసుకుంది. తర్వాత చూపు కిందికి దిగింది. సోఫా వీపు మీద తెల్లటి పిండి. వేలితో తాకి, వేలు చూసుకుంది.

"ఇవాళే పెట్టావా, ఆంటీ?"

పెట్టారా అనాలి అని రాధారాణి ఈసారి అనలేదు. ఉమకి జవాబులు బోలెడు తోసుకొచ్చాయి. గోడకి రంగు వేయించాం, చోటు మార్చాం, ఫ్రేము బిగించాం. అన్నీ నున్నగానే ఉన్నాయి.

"ఇవాళే పెట్టానమ్మా," అంది. "నిన్నటిదాకా విప్పనే లేదు. నీతో అబద్ధం చెప్పాను."

పిల్ల ఓకే అని, చెప్పులు విడిచి, సోఫా ఎక్కి, ఎడమ పక్కకి ఒరిగిన ఫ్రేముని సరిచేసింది.